గర్భిణికి తుంటి నరం నొప్పి: షాపు మాత్ర వద్దు, ఇంటి జాగ్రత్తలే మేలు

ఆరో నెల దాటిన కోడలు నడుము పట్టుకుని గోడకు ఆనుకుంటే "నెలలు నిండుతున్నాయి, మామూలే" అని ఇంట్లో పెద్దవాళ్ళు సరిపెట్టేస్తారు. అదే నొప్పి పిరుదులో మొదలై తొడ వెనకగా పిక్క దాకా జివ్వున లాగి, కాలు కింద పెట్టనివ్వకపోతే మందుల షాపుకు మనిషిని పంపి ఒక మాత్ర తెప్పిస్తారు. మొదటి పని ఆమె బాధను తేలిక చేయడం. రెండో పని కడుపులోని బిడ్డకు ముప్పు తేవడం. పెద్దగా ఖర్చు లేకుండా, బిడ్డకు హాని లేకుండా ఈ నొప్పిని తగ్గించుకునే మార్గాలు ఉన్నాయి. ఏ నొప్పికి ఇంట్లో జాగ్రత్తలు చాలు, ఏ నొప్పి వస్తే రాత్రికి రాత్రే ఆసుపత్రికి చేర్చాలి అన్నది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఏమిటీ నరం?

మనిషి ఒంట్లోని నరాలన్నిటిలోకీ లావైనది తుంటి నరం. డాక్టర్లు దీన్ని సయాటిక్ నరం అనీ, దీనివల్ల వచ్చే నొప్పిని సయాటికా అనీ అంటారు. ఆయుర్వేదంలో దీని పేరు గృధ్రసి. నడుము కింది భాగంలో వెన్నుపూసల నుంచి బయటికి వచ్చే ఐదు నరాల పాయలు కలిసి ఈ నరం ఏర్పడుతుంది. అది పిరుదు కండ కిందుగా సాగి, తొడ వెనకగా దిగి, మోకాలి దగ్గర రెండుగా చీలి పాదం దాకా పోతుంది. ఎగువన తూము దగ్గర అడ్డుపడితే చివరి చేలో నీరు ఆగిపోయినట్టే, నడుము దగ్గర నరం ఒత్తుకుంటే పాదంలో తిమ్మిరి ఎక్కుతుంది. అందుకే కాలికి ఎంత మర్దన చేసినా నొప్పి మళ్ళీ మళ్ళీ వస్తుంది. అసలు చిక్కు కాలిలో లేదు, నడుములో ఉంది.

నేపుల్స్ నగరానికి చెందిన వైద్యుడు డొమెనికో కొటూన్యో 1764లోనే ఈ నొప్పి మీద పుస్తకం రాశాడు. తుంటి కీలు నొప్పి వేరు, నరం వల్ల వచ్చే నొప్పి వేరు అని అందులో వివరించాడు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కితే ఈ బాధ వస్తుందని 1934లో అమెరికా డాక్టర్లు మిక్స్‌టర్, బార్ చూపించారు.

కడుపుతో ఉన్నప్పుడే ఎందుకు?

గర్భిణి స్త్రీలలో మూడింట రెండు వంతుల మందికి ఏదో ఒక దశలో నడుము నొప్పి వస్తుందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. దీనికి కారణాలు మూడు.

మొదటిది బరువు. నెలలు నిండేసరికి ఒంటి బరువు పది పన్నెండు కిలోలు పెరుగుతుంది. అదీ ముందు వైపే పెరుగుతుంది. ముందుకు పడిపోకుండా నిలవడానికి స్త్రీ తెలియకుండానే నడుమును వెనక్కి వంచి నడుస్తుంది. ఆ వంపు దగ్గర కండలు, కీళ్ళు, నరాలు ఒత్తిడికి గురవుతాయి.

రెండోది ఒంట్లో ఊరే రసాయనం. కాన్పుకు దారి ఇచ్చేందుకు కటి ఎముకల కీళ్ళను పట్టి ఉంచే బంధనాలు వదులవుతాయి. రిలాక్సిన్ అనే హార్మోను ఇందుకు తోడ్పడుతుంది. కీళ్ళు వదులైతే చుట్టూ ఉన్న కండలు వాటిని పట్టి ఉంచడానికి రెట్టింపు కష్టపడతాయి, బిగుసుకుపోతాయి.

మూడోది చేసే పని. వరి నాట్లకు, కలుపుకు, మిరప కోతకు, పత్తి తీతకు వెళ్ళే స్త్రీ రోజుకు ఆరేడు గంటలు నడుము వంచే ఉంటుంది. పొలానికి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు పది మంది ఇరుక్కుని కూర్చున్న ఆటోలో గుంతల రోడ్డు మీద కుదుపులు వేరే. ఇంటికి వచ్చాక నీళ్ళ బిందె చంకన పెట్టుకుంటే బరువంతా ఒక పక్కకే పడుతుంది.

"బిడ్డ నరం మీద కూర్చుంది" అని చాలామంది అంటారు. అది అరుదు. డిస్కు జరిగి నరాన్ని గట్టిగా నొక్కడం కూడా గర్భిణులలో అరుదే. పది వేల మందిలో ఒకరికి అలా జరుగుతుందని అంచనా. ఎక్కువ మందికి వచ్చేది వదులైన కటి కీళ్ళ నొప్పి, బిగిసిన పిరుదు కండల నొప్పి. ఈ నొప్పి వల్ల బిడ్డకు ఏ లోపమూ రాదు.

నరం నొప్పా, కీలు నొప్పా?

నొప్పి మోకాలు దాటి పిక్కకు, పాదానికి దిగుతూ ఉంటే, మంటగానో సూదులు గుచ్చినట్టుగానో కరెంటు షాకు కొట్టినట్టుగానో ఉంటే, దగ్గినా తుమ్మినా పెరిగితే అది నరానికి సంబంధించినది కావచ్చు. సాధారణంగా ఒక కాలికే వస్తుంది.

నొప్పి పిరుదులోనూ తొడ వెనకా ఆగిపోయి, మంచం మీద పక్కకు తిరిగినప్పుడు, మెట్లు ఎక్కినప్పుడు, ఒంటి కాలి మీద నిలబడి లంగా కట్టుకునేటప్పుడు కలుక్కుమంటే అది కటి కీళ్ళ నొప్పి అయి ఉంటుంది. రాత్రి నిద్రలో పిక్క గట్టిపడి నిమిషం రెండు నిమిషాల్లో వదిలేసేది ఈ రెండూ కాదు. అది కండ పట్టేయడం.

నరం నొప్పికీ కీలు నొప్పికీ ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు దాదాపు ఒకటే. అయినా ఏ నొప్పి అన్నది నెలనెలా పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరుకో నర్సుకో చెప్పాలి. అడిగితే తప్ప చెప్పకపోవడం మన స్త్రీలకు అలవాటు.

పడక సరిగా ఉంటే సగం ఊరట

లోతుగా జారిపోయిన నులక మంచం ఈ నొప్పికి శత్రువు. పడుకుంటే నడుము గుంతలో పడినట్టు వంగిపోతుంది. నులక బిగించుకోవాలి. లేదా చెక్క మంచం మీద బొంత వేసుకోవాలి. నేల మీద చాప వేసుకుంటే లేవడం కష్టం కనుక నెలలు నిండినవారికి అది అంత మంచిది కాదు.

పక్కకు తిరిగి, మోకాళ్ళు కొద్దిగా ముడుచుకుని పడుకోవాలి. నొప్పి ఉన్న కాలు పైకి ఉంటే సుఖంగా ఉంటుంది. రెండు మోకాళ్ళ మధ్య, చీలమండల మధ్య ఒక దిండు పెట్టుకోవాలి. దిండు లేకపోతే పాత చీరలు నాలుగు మడిచి పెట్టుకున్నా చాలు. పొట్ట కింద ఇంకో మడత పెడితే బరువు నడుమును లాగదు. ఏడు నెలలు నిండాక వెల్లకిలా నిద్రపోకూడదు. ఎడమ పక్కకైనా కుడి పక్కకైనా తిరిగి పడుకోవడం బిడ్డకూ క్షేమం.

పక్క మార్చేటప్పుడు మోకాళ్ళు రెండూ దగ్గరగా పెట్టి ఒంటినంతా ఒక్కసారిగా తిప్పాలి. లేచేటప్పుడు తిన్నగా లేవకూడదు. పక్కకు తిరిగి, కాళ్ళు మంచం దించి, చేతులతో నొక్కి లేవాలి.

పనిలో మార్పులు

మంచానికి అంటిపెట్టుకుని పడుకోవడం మందు కాదు. ఒకటి రెండు రోజులు పని తగ్గించుకోవచ్చు గానీ, కదలకుండా ఉంటే కండలు మరీ బిగుస్తాయి. వేరే ఇబ్బందులు లేని గర్భిణి వారానికి 150 నిమిషాల పాటు ఒక మోస్తరు శ్రమ చేయడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. చదునైన నేల మీద, ఎత్తు మడమ లేని మెత్తని చెప్పులతో ఉదయం పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు నడిస్తే ఆ లెక్క నిండుతుంది. నొప్పి ఎక్కువైన రోజున నడక తగ్గించాలి.

వంగి నాటడం, వంగి కలుపు తీయడం, వంగి ఊడవడం మానుకోవాలి. పొడుగు కర్ర కట్టిన చీపురు వాడాలి. పొయ్యి, అంట్లు, బట్టల రాయి వీలైనంత ఎత్తులో పెట్టుకోవాలి. బిందె చంకన పెట్టుకోకూడదు. బకెట్టు నీళ్ళు, బియ్యం మూట, పశువుల దాణా ఇంట్లో మరొకరు మోయాలి. తప్పక చిన్న బరువు ఎత్తవలసి వస్తే నడుము వంచకుండా, మోకాళ్ళు వంచి, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. చంటిబిడ్డ ఉన్న తల్లి ఆ బిడ్డను నేల మీది నుంచి ఎత్తుకోకుండా, తాను మంచం మీద కూర్చుంటే బిడ్డ ఎక్కి వచ్చేలా చూసుకోవాలి.

కూర్చునేటప్పుడు నడుము వంపు దగ్గర తువ్వాలు చుట్టి పెట్టుకోవాలి. పాదాలు రెండూ నేలకు ఆనాలి. పొట్టి పీట మీద ముడుచుకుని కూర్చోవడం వల్ల నొప్పి పెరుగుతుంది. బీడీలు చుట్టేవారు, కుట్టు మిషను తొక్కేవారు, బడిలో పాఠాలు చెప్పేవారు అరగంటకు ఒకసారి లేచి నాలుగడుగులు వేయాలి.

కాపడం ఎలా?

వేడి నీళ్ళ సంచి, లేదా వేడి నీళ్ళలో పిండిన తువ్వాలు నడుము కింది భాగానికీ పిరుదుకూ పది పదిహేను నిమిషాలు పెట్టవచ్చు. సంచికి గుడ్డ చుట్టాలి. చేతికి ఓర్చుకోగలిగినంత వేడి చాలు. పొట్ట మీద కాపడం పెట్టకూడదు. ఉప్పు మూట, వేడి ఇటుక వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. తిమ్మిరి ఎక్కిన చోట వేడి తెలియదు, చర్మం బొబ్బలెక్కుతుంది. కొందరికి వేడి కన్నా చల్లదనం సుఖమిస్తుంది. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టుకోవచ్చు.

వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం పెట్టడం పల్లెల్లో ఉన్నదే. పైపూతగా ఆ వేడి హాయినిస్తుంది. ఆ ఆకు కషాయం మాత్రం గర్భిణి తాగరాదు. కొబ్బరి నూనె, నువ్వుల నూనె తేలిక చేత్తో రాయించుకోవచ్చు.

మూడు చిన్న వ్యాయామాలు

డాక్టరు వద్దని చెప్పిన వారు తప్ప మిగిలినవారు రోజుకు రెండుసార్లు ఇవి చేయవచ్చు.

ఒకటి: గోడకు వీపు ఆనించి నిలబడాలి. పాదాలు గోడకు జానెడు దూరంలో ఉంచి, మోకాళ్ళు కొద్దిగా వంచాలి. నడుము వంపు గోడకు తగిలేలా మెల్లగా నొక్కి, ఐదు లెక్కపెట్టి వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఇలా పదిసార్లు.

రెండు: బొంత మీద మోకాళ్ళు, అరచేతులు ఆనించి, ఆవు నిలబడినట్టు ఉండాలి. పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు వీపును పైకి గుండ్రంగా ఎత్తి, మళ్ళీ సమానంగా తీసుకురావాలి. పొట్ట కిందికి జారేలా నడుము వంచకూడదు. ఇలా ఐదు నుంచి పదిసార్లు.

మూడు: కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న కాలి చీలమండను రెండో మోకాలి మీద పెట్టుకోవాలి. వీపు నిటారుగా ఉంచి, పిరుదులో లాగినట్టు అనిపించేంత వరకు కొద్దిగా ముందుకు వాలాలి. ఇరవై లెక్కపెట్టి వదలాలి. ఇలా మూడుసార్లు.

చేస్తుండగా నొప్పి కాలిలోకి ఇంకా కిందికి దిగినా, తల తిరిగినా, పొట్ట గట్టిపడినా, రక్తం కనిపించినా వెంటనే ఆపి డాక్టరుకు చెప్పాలి. నిలబడి వంగి కాలి వేళ్ళు అందుకునే వ్యాయామం ఈ నొప్పికి పనికిరాదు. పొట్ట కింద తుంటి చుట్టూ కట్టుకునే బెల్టు కొందరికి ఉపయోగపడుతుంది. దాన్ని డాక్టరో ఫిజియోథెరపిస్టో చూపించిన విధంగా కట్టుకోవాలి. పొట్ట మీద చీర కొంగు బిగించి కట్టడం దానికి బదులు కాదు.

మాత్రల దగ్గరే అసలు ముప్పు

ఊళ్ళో ఒళ్ళు నొప్పులకు అలవాటుగా మింగే మాత్రలలో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్ ముఖ్యమైనవి. ఇవి గర్భిణి తనంతట తాను వేసుకోకూడని మందులు. ఐదో నెల, అంటే 20 వారాలు దాటాక ఈ జాతి మందులు బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గిపోయేలా చేయవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 అక్టోబరులో హెచ్చరించింది. ఏడో నెల దాటాక మరో ప్రమాదం ఉంది. పుట్టాక మూసుకోవలసిన గుండె దగ్గరి రక్తనాళం ఒకటి కడుపులోనే మూసుకుపోవచ్చు.

డాక్టరు సలహా మీద గర్భిణి వాడదగిన నొప్పి మందు పారాసెటమాల్. అదీ అవసరమైనంత తక్కువ మోతాదులో, తక్కువ రోజులు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. షాపులో దొరికే ఎన్నో మాత్రలలో పారాసెటమాల్‌తో పాటు ఎసిక్లోఫెనాకో డైక్లోఫెనాకో కలిసి ఉంటుంది. "పారాసెటమాలే కదా" అని తెస్తే రెండోది కూడా లోపలికి పోతుంది. అట్ట మీద ఉన్న పేర్లన్నీ చదవాలి. చదవడం రాకపోతే ఆశా కార్యకర్తకో నర్సుకో చూపించాలి. షాపతనికి గర్భిణి కోసమని ముందే చెప్పాలి.

వెంటనే తగ్గాలని ఊళ్ళో నొప్పి సూది, స్టెరాయిడ్ సూది వేయించడం కూడా తగదు. నొప్పి బామ్‌లలోనూ, జెల్‌లలోనూ ఈ జాతి మందులు కలిసినవి ఉన్నాయి. అవి చర్మం గుండా ఒంట్లోకి పోతాయి. అడగకుండా రాయకూడదు. రక్తపోటు ముప్పు ఉన్న కొందరు గర్భిణులకు డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాసి ఇస్తారు. అది వేరే సంగతి. దాన్ని భయపడి సొంతంగా మానేయకూడదు.

తెలియక ఒకటి రెండు నొప్పి మాత్రలు మింగినవారు కంగారు పడనక్కర లేదు. ఆ అట్టను తీసుకుని డాక్టరుకు చూపిస్తే అవసరమైన పరీక్ష చేస్తారు.

తన్నించుకోవడం, తొక్కించుకోవడం వద్దు

నడుము పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత తన్నించుకుంటే వదులుతుందని పల్లెల్లో ఒక నమ్మకం. మగవాళ్ళ మాట ఎలా ఉన్నా గర్భిణి విషయంలో ఇది ప్రమాదం. నడుము మీద తొక్కించుకోవడం, కాలు పట్టి లాగించడం, "నరం సర్దుతాం" అనేవారి చేత నడుము విరిపించుకోవడం, వాత వేయించుకోవడం చేయకూడదు. కీళ్ళు వదులుగా ఉన్న సమయం కనుక మామూలు దెబ్బ కూడా ఎక్కువ హాని చేస్తుంది. నొప్పి తగ్గుతుందని, కాన్పు సులువవుతుందని ఆముదం తాగించడం కూడా మంచిది కాదు. విరేచనాలై ఒంట్లో నీరు పోతుంది, నొప్పులు ముందుగా రావచ్చు.

ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు

కింది లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా కాపడాలతో కాలక్షేపం చేయకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి.

మూత్రం రాకుండా బిగుసుకోవడం, లేదా మూత్రం, మలం తెలియకుండా పోవడం. తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం. రెండు కాళ్ళకూ తిమ్మిరి, పట్టు తప్పడం. పాదం పైకి లేవక చెప్పు జారిపోవడం. ఈ నాలుగూ నడుములోని నరాల కట్ట గట్టిగా నలుగుతోందనడానికి గుర్తులు. గంటల్లో వైద్యం అందకపోతే శాశ్వతంగా లోపం ఉండిపోవచ్చు.

నడుము నొప్పి అలలు అలలుగా వచ్చి పోతూ, దానితో పాటు పొట్ట గట్టిపడుతుంటే అవి కాన్పు నొప్పులు కావచ్చు. తొమ్మిదో నెల నిండకముందే అలా వస్తే మరీ తొందరపడాలి. రక్తం పోవడం, ఉమ్మనీరు పోవడం కూడా ఇంతే.

నడుము నొప్పితో చలి జ్వరం, మూత్రంలో మంట ఉంటే మూత్రపిండాలకు చీము పట్టి ఉండవచ్చు. ఒక్క పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా నొప్పిగా ఉంటే కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ కాలిని మర్దన చేయకూడదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, ముఖం వాపు ఉంటే రక్తపోటు చూపించాలి.

నొప్పి కారణం తేల్చడానికి స్కానింగు అవసరమైతే ఎం.ఆర్.ఐ. తీస్తారు. అందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. ఏ పరీక్షకు వెళ్ళినా తాను గర్భిణినని ముందుగా చెప్పాలి.

కాన్పు మాటేమిటి?

ఈ నొప్పి ఉన్నంత మాత్రాన ఆపరేషను అవసరం లేదు. చాలామందికి మామూలు కాన్పే అవుతుంది. కాన్పు గదిలో చేరగానే ఏ కాలికి నొప్పి ఉందో, ఏ భంగిమలో ఓర్చుకోలేరో నర్సుకు చెప్పాలి. పక్కకు తిరిగి పడుకునో, మోకాళ్ళ మీద వంగో నొప్పులు తీయవచ్చు. కాన్పయ్యాక కొన్ని వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో ఈ బాధ తగ్గిపోతుంది. అప్పటి వరకు బరువుల విషయంలో ఇవే జాగ్రత్తలు పాటించాలి. పాలిచ్చేటప్పుడు ముందుకు వంగి కూర్చోకుండా, వీపుకు ఆనుడు పెట్టుకుని, ఒళ్ళో దిండు మీద బిడ్డను పడుకోబెట్టుకోవాలి. మూడు నెలలైనా తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించాలి.

"మేం నలుగురిని కనలేదా? నాట్లేసి వచ్చి నీళ్ళాడలేదా?" అని అత్తలు అనడం కద్దు. ఆ రోజుల్లో వారూ ఈ నొప్పి పడ్డవారే. చెప్పుకునే చోటు లేక ఓర్చుకున్నారు. ఇప్పుడు ప్రతి ఊళ్ళో ఆశా కార్యకర్త ఉంది, మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన నాలుగో నెల దాటిన గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రులలో డాక్టరు ఉచితంగా పరీక్ష చేస్తారు. ఆ రోజు వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందుల అట్టలన్నీ సంచిలో వేసుకుని తీసుకువెళ్ళాలి. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడి దాకా దిగుతోందో వేలితో చూపించాలి. తోడుగా భర్త వెళితే ఇంకా మంచిది. ఇంట్లో ఏ బరువులు తాను అందుకోవాలో డాక్టరు నోటి నుంచే వింటాడు.